నా చెవులతో ఎంచిన ఇయర్‌ఫోన్లు

సౌండ్ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే. "సార్, తక్కువలో మంచి ఇయర్ మానిటర్ ఏది?" స్టేజి మీద పాడేవాళ్లు తమ గొంతు తాము వినడానికి చెవుల్లో దూర్చుకునే ఇయర్‌ఫోన్లను మా పనిలో ఇయర్ మానిటర్లంటారు. ఒకప్పుడు అవి పెద్ద గాయకులకే ఉండేవి. ఇప్పుడు చౌక రకాలు ఆన్‌లైన్‌లో కుప్పలుగా దొరుకుతున్నాయి, ఏది మంచిదో తేల్చుకోలేక జనం తికమకపడుతున్నారు. కిరండూల్ నుంచి కొంటా దాకా ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే అని చాలా ఏళ్లు నేనే చాటుకున్నాను. ఇప్పుడు ఎవరడిగినా నాకు తెలియదంటున్నాను. ముసలాయన రహస్యం దాచుకుంటున్నాడని కొందరు అనుకుంటున్నారట. దాచుకోవడానికి నా దగ్గరేమీ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎన్ని ప్రోగ్రాములు చేశానో, ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. ఆ శాలువాలను ఎప్పుడో చెదలు తినేశాయి. మీకు పనికొచ్చేది నా తప్పు ఒక్కటే. అదైనా మీరు వింటారన్న ఆశ నాకు పెద్దగా లేదు, ఎందుకంటే మీ వయసులో నాకు ఎవరైనా చెబితే నేను వినేవాణ్ని కాదు.

హారన్ మూతికి చెవి

ఇరవై ఏళ్ల వయసులో అనకాపల్లి వైపు నుంచి రైలెక్కి కిరండూల్లో దిగాను. ఇనుప ఖనిజం రైలెక్కే ఊరు. ఊళ్లో తెలుగువాళ్లు చాలామంది, చవితి నుంచి దుర్గపూజ దాకా వీధికో పందిరి. సౌండ్ సర్వీసు నడిపే నూకరాజు గారి దగ్గర పనికి కుదిరాను. మనిషి మంచివాడు, అన్నం పెట్టకుండా ఎవర్నీ పంపేవాడు కాదు. పని నేర్పడంలో మాత్రం రాక్షసుడు.

ఆ రోజుల్లో మైకు హారన్ లోపలి పొర చిరిగిందో లేదో చూడటానికి మా దగ్గర మీటర్లు లేవు. పాట పెట్టి, హారన్ మూతికి చెవి ఆనించి, గరగర ఉందో లేదో చెప్పాలి. ఒక పందిరికి ఎనిమిది హారన్లు కడితే ఎనిమిదింటికీ అలా చెవి పెట్టాలి. మొదటిసారి నేను బాధతో తల వెనక్కి లాక్కున్నాను. నూకరాజు గారు పందిరి గుంజకు ఆనుకుని చూస్తున్నారు.

"ఏటిరా, మొకం అలా తిప్పీసుకుంటన్నావు? హారన్‌కి బయపడినోడు సౌండోడు ఎలాగవుతాడు?" అన్నారు.

మర్నాడు చెవిలో దూది పెట్టుకుని వెళ్లాను. ఆయన చూసి అందరి ముందూ, "ఏటిరా, అత్తరు దూది ఎట్టుకొచ్చినావు, పెళ్లికెళ్తన్నావా?" అని నవ్వారు. పనివాళ్లంతా నవ్వారు. దూది తీసి పారేశాను. ఆ తర్వాత చాలా ఏళ్లు నేను కూడా దూది పెట్టుకున్నవాణ్ని అదే మాటతో ఏడిపించాను. చెవి తిప్పుకోకుండా నిలబడగలగడమే మా పనిలో మగతనం, చదువు, డిగ్రీ అన్నీ. నూకరాజు గారు పెద్దవాడై సొంతూరు వెళ్లిపోతూ షాపు నాకు అప్పగించేనాటికి, ఎంత మోతలోనూ కనురెప్ప ఆర్పని మనిషిగా నాకు పేరొచ్చింది. ఆ పేరుకు అర్థం ఏమిటో చెప్పేవాళ్లు అప్పుడెవరూ లేరు.

ఇందులో ఆయన తప్పు ఎంత అని నన్నడిగితే, ఆయనకు తెలిసింది ఆయన నేర్పాడంటాను. నాది ఆ రకం తప్పు కాదు.

పది జతలు

సమ్మక్కది పామేడు దగ్గర పల్లె. అక్కడి దోర్ల ఆదివాసీల అమ్మాయి. అటువైపు ఒక పెళ్లికి స్పీకర్లు కట్టడానికి వెళ్లినప్పుడు మొదటిసారి ఆమె పాట విన్నాను. నా స్పీకర్లలో వేరే పాట మోగుతోంది, ఈమె ఆడవాళ్లతో కలిసి మైకు లేకుండా పాడుతోంది, అయినా ఆమె గొంతే పైకి వినిపించింది. స్పీకర్లు ఆపేసి ఆ పాటే పెళ్లికి వదిలేశాను. ఆమె దోర్లి, తెలుగు, హిందీ, హల్బీ నాలుగింటిలోనూ పాడేది. సంతలకు, మడయి జాతరలకు, సర్కారు కార్యక్రమాలకు అలాంటి మనిషి కావాలి. నేనూ, కీబోర్డు వాయించే దినేషూ, డోలు కొట్టే అన్నదమ్ములిద్దరూ, ఈమె కలిసి ఒక బృందమయ్యాం.

ఆమెకు పాట సరదా కాదు. ఇంట్లో ఉన్నది వానొస్తేనే పండే కొద్దిపాటి చెలక. వేసవిలో ఇప్పపువ్వు, బీడీలకు తునికాకు ఏరడం. "మైకు పట్టుకున్నంక మల్ల కొడవలి పట్టాలంటే మనసొప్పుతలేదన్నా" అనేది నవ్వుతూ. పాట ఉంటే ఆమె సమ్మక్క, లేకపోతే అడవిలో ఆకులేరే నూరుమందిలో ఒకతె. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

మా డోలు అన్నదమ్ములు పాడే మనిషి వెనక నిలబడరు. డోలును వెనక్కి నెట్టడం వాళ్ల లెక్కలో మర్యాద కాదు. ఆమెకు రెండు పక్కలా, మూరెడు దూరంలో నిలబడి కొట్టేవారు. ఎదురుగా మానిటర్ బాక్సు పెట్టి ఎంత పెంచినా ఆమె గొంతు ఆమెకు వినబడేది కాదు. ఇంకా పెంచితే మైకు కూత పెట్టేది. శ్రుతి జారితే ఆమె కళ్లలో నీళ్లు తిరిగేవి. డోళ్లను కదపలేం కాబట్టి చెవిలో పెట్టే మానిటర్లు కొందామన్నాను.

విశాఖ నుంచి, ఆన్‌లైన్ నుంచి చౌకలో దొరికే పది జతలు తెప్పించాను. ఒక మధ్యాహ్నం షాపు బల్ల మీద తువ్వాలు పరిచి వరసగా పెట్టాను. పోల్చడం ఎలాగో నాకు తెలుసు. అన్నింటికీ ఒకే పాట, ఒకే ఫోను. మోత సమానం చేయాలి, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ మంచిదిలాగే అనిపిస్తుంది. రబ్బరు టిప్పు చెవి రంధ్రానికి సరిగ్గా పట్టాలి, వదులైతే బేస్ అంతా బయటికి పోతుంది. ఒక జత విన్నాక చెవికి కాస్త విశ్రాంతినివ్వాలి. ఇవన్నీ పాటించాను. మీరూ పాటించండి, ఇవి అబద్ధాలు కావు.

మూడు జతల్లో బేస్ తప్ప మరేమీ లేదు. ఒకదానిలో కుడి ఎడమలు సమానంగా మోగలేదు. ఒకదాని వైరు చొక్కాకు రాసుకుంటే చాలు, లోపల గరగర. నల్ల రంగు జత ఒకటి దుప్పటి కప్పుకుని పాడినట్టు మందంగా ఉంది. వెండి రంగు జత పెట్టుకోగానే మాత్రం నా ప్రాణం లేచొచ్చింది. ప్రతి అక్షరం విడివిడిగా, శుభ్రంగా వినిపించింది.

దినేష్ కూడా విన్నాడు. శ్రీకాకుళం వాళ్ల అబ్బాయే గాని కిరండూల్లోనే పుట్టాడు, మాటలో సగం హిందీ. అప్పటికి ముప్పై ఏళ్లవాడు.

"అంకుల్, ఈ వెండి రంగుది వద్దు. 'స' అన్నప్పుడల్లా చెవిలో పిన్ను గుచ్చినట్టుంది, సచ్చీ. నల్లది తీసుకోండి. అందులో గొంతు గొంతులా ఉంది" అన్నాడు.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఈ చెవులతో వింటున్నానయ్యా" అన్నాను.

దాంతో అతను నల్లజత మీకక్కర్లేకపోతే నేను తీసుకుంటానని చెప్పి జేబులో వేసుకున్నాడు. వెండి రంగుది ఇంకో జత తెప్పించి సమ్మక్కకు ఒకటి, నాకొకటి ఉంచుకున్నాను. సుక్మా, బీజాపూర్ వైపు అడిగిన బృందాలన్నింటికీ అదే కొనమని చెప్పాను. మోతలు సమానం చేసింది కూడా నా చెవులతోనే అన్న సంగతి ఆ రోజు నాకు తట్టలేదు.

అరచెయ్యి, వేలు

పాట నడుస్తుండగా పాడే మనిషి సౌండోడితో మాట్లాడలేదు. అందుకని సైగలుంటాయి. చూపుడు వేలు పైకెత్తితే ఆమె చెవిలో మోత పెంచాలి. అరచెయ్యి కిందికి అదిమినట్టు చూపితే తగ్గించాలి.

మొదటి ప్రోగ్రాములోనే సమ్మక్క అరచెయ్యి అదిమింది. ఆమె చెవిలోకి వెళ్లే మోతే నా జతలోకి కూడా వచ్చేలా తగిలించుకున్నాను కాబట్టి విని చూశాను. నాకు సరిగ్గా ఉంది, నిజానికి కాస్త తక్కువే అనిపించింది. తగ్గిస్తే డోళ్ల మధ్య శ్రుతి పోతుందనుకున్నాను. అప్పుడు నేను చేసిన పని మా వృత్తిలో అందరూ చేసేదే. మోత పెంచి తగ్గించే ఫేడర్ మీద చెయ్యి వేసి కిందికి లాగినట్టు నటించి, అక్కడే వదిలేశాను. ఆమె చూసింది, తగ్గిందనుకుని తలూపింది, పాట కొనసాగించింది. ఈ నాటకాన్ని సౌండోళ్లు ఒకరికొకరు నవ్వుతూ చెప్పుకుంటారు. గాయకులకు ఏం కావాలో వాళ్లకే తెలియదు, మనకు తెలుసు అన్నది మా గట్టి నమ్మకం. మీకు కూడా ఎవడో ఒకడు ఇప్పటికే నేర్పి ఉంటాడు. అది దొంగతనం. ఇంతకంటే మెత్తని మాట నాకు దొరకలేదు.

ప్రోగ్రాము అయ్యాక ఆమె నా దగ్గరికొచ్చి చెవులు రుద్దుకుంటూ నిలబడింది.

"అన్నా, జర ఆవాజ్ జ్యాదా అయితాంది. పాట అయినంక చెవులు బందైనట్టున్నయ్" అంది.

"కొత్త కదా సమ్మక్కా, అలవాటవుతుంది. మొదట్లో నాకూ అంతే" అన్నాను.

అది నిజమే. మొదట్లో నాకూ అంతే.

ఆమెవి చిన్న చెవులు. పెట్టెలో వచ్చిన రబ్బరు టిప్పులు ఆమెకు వదులు. చిన్న సైజువి తెప్పించాలని అనుకుంటూనే ఏళ్లు గడిపేశాను. టిప్పు వదులు కాబట్టి డోలు మోత లోపలికొచ్చేది, డోలు మోత లోపలికొస్తోంది కాబట్టి నేను ఇంకాస్త పెంచేవాణ్ని. ఆమె అరచెయ్యి చూపడం, నేను నటించడం, ఆమె తలూపడం ఒక సీజనంతా సాగింది. నన్ను అన్నా అని పిలిచే మనిషి. నేను తగ్గించలేదని ఆమె అనుమానించలేదు. తగ్గించినా తనకే ఎక్కువనిపిస్తోందేమో, తన చెవుల్లోనే ఏదో లోపమేమో అనుకుందట. ఆ సంగతి తర్వాత చెప్పింది.

రెండో సీజనుకు అరచెయ్యి చూపడం తగ్గిపోయింది. మూడో సీజనులో ఒక మధ్యాహ్నం, సంత మైదానంలో, పాట మధ్యలో ఆమె చూపుడు వేలు పైకెత్తింది.

నాకెంత సంతోషమైందో చెప్పలేను. దారికొచ్చింది, ఇప్పుడు స్టేజి మనిషి అయింది అనుకున్నాను. దినేష్ వైపు తిరిగి "చూశావా?" అన్నట్టు కళ్లెగరేశాను. ఫేడర్ పైకి తోశాను. ఆ ఒక్కసారి మాత్రం నటించలేదు.

ఆ వేలు ఎందుకు లేచిందో అప్పుడే తెలుసుకుని ఉంటే కొంతైనా మిగిలేది. ఇప్పటికీ తెల్లవారుజామున మెలకువ వస్తే నాకు ముందుగా కనిపించేది ఆ వేలే.

జగర్గుండాలో

గొడవల వల్ల ఏళ్ల తరబడి తెగిపోయిన జగర్గుండాకు మళ్లీ దారి పడ్డాక అక్కడొక కార్యక్రమానికి పిలిచారు. పగటిపూట ప్రోగ్రాము. ఆ రోజు సమ్మక్క పైస్థాయికి వెళ్లిన ప్రతిసారీ శ్రుతి తప్పింది. తప్పినట్టు ఆమె ముఖంలో ఏమాత్రం తెలియలేదు. వెనకటి రోజుల్లో కొంచెం జారితేనే కళ్లలో నీళ్లు తిరిగే మనిషి, ఇప్పుడు నవ్వుతూ పాడుతోంది. డోలు అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జనంలో కొందరు లేచి వెళ్లిపోయారు.

అయిపోయాక స్టేజి నీడన కూర్చుని టీ తాగుతున్నాం. ఆమె దగ్గరికి జరిగింది.

"అన్నా, ఒకటడుగుత, నవ్వొద్దు. ఈ ఏడు కీచురాళ్లు అరుస్తలేవా?"

"ఎందుకు అరవవు?" అన్నాను.

"మా అత్తనడిగిన. పొద్దుగూకుడు మొదలు చెవులు చిల్లులు పడేటట్టు అరుస్తున్నయ్ గదనే, నీకేమైంది అన్నది. నాకైతే ఒక్కటి ఇనవడ్తలేదు. లోపట మాత్రం కుయ్యిమని ఒకటే సప్పుడు. పన్నా పోతలేదు, లేచినా పోతలేదు. గిదేందన్నా?"

ఆఖరిసారి కీచురాళ్ల అరుపు నేనెప్పుడు విన్నానో గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు. దినేష్‌ను అడిగాను. మా షాపు వెనక పొదల్లో రోజూ అరుస్తాయన్నాడు.

రెండు గీతలు

సమ్మక్కను విశాఖ తీసుకెళ్లాను. చెవుల పరీక్ష చేసే గదిలో ఒక చిన్న అద్దాల పెట్టె ఉంటుంది. అందులో కూర్చోబెట్టి, సన్నని శబ్దాలు ఒక్కొక్కటే వినిపించి, వినపడ్డప్పుడు మీట నొక్కమంటారు. బయట నుంచి చూస్తున్నాను. సమ్మక్క మొదట్లో గబగబా నొక్కింది. తర్వాత చాలాసేపు బొటనవేలు మీట మీదే ఉంచి, ముఖం బిగించి, ఎదురుచూస్తూ కూర్చుంది. పరీక్ష చేసే అమ్మాయి శబ్దాలు ఇస్తూనే ఉందన్న సంగతి ఆమెకు తెలియదు.

కాగితం మీద గీత కొంతదూరం తిన్నగా వెళ్లి ఒక్కసారిగా కిందికి పడిపోయింది. పైస్థాయి శబ్దాలు పోయాయంది ఆ అమ్మాయి. ఈమెకు సౌండ్ ఎవరు పెడతారని అడిగింది. నేనే అన్నాను. "మీరూ ఒకసారి కూర్చోండి బాబాయ్ గారూ" అంది.

నా గీత కూడా అదే చోట పడిపోయింది. ఇంకా లోతుగా పడింది.

"మీకు ఈ భాగం చాలా ఏళ్ల నుంచి వినపడి ఉండదు. మెల్లగా పోతుంది కాబట్టి పోయినట్టు ఎవరికీ తెలియదు. మీకు శుభ్రంగా వినిపించాలంటే ఆ శబ్దాలు మామూలు మనిషి చెవికి గుచ్చుకునేంత ఎక్కువగా ఉండాలి" అంది.

"తిరిగొస్తుందా అమ్మా?"

"రాదండి. ఆవిడకు చెవి మిషన్ పెడితే మాటలు కాస్త స్పష్టమవుతాయి. స్టేజి మాత్రం మానెయ్యాలి. మళ్లీ ఆ మోతలో నిలబడితే మిగిలింది కూడా పోతుంది."

దినేష్ చెవిలో గుచ్చిన పిన్ను నాకెందుకు గుచ్చలేదో అక్కడ అర్థమైంది. పది జతలను నేను పోల్చలేదు. నా చెవిటితనానికి ఏ జత సరిపోతుందో వెతుక్కున్నాను. ఆ జతను తీసుకెళ్లి చక్కగా వినే మనిషి చెవుల్లో పెట్టి, ఆమె వద్దంటుంటే మూడేళ్లు వినిపించాను.

తిరుగు రైల్లో ఆమెకు మొత్తం చెప్పాను. ఫేడర్ మీద చెయ్యి వేసి నటించిన సంగతి కూడా చెప్పాను. ఒక్కో మాట గట్టిగా చెప్పాల్సి వచ్చింది, పక్క సీట్లవాళ్లు కూడా విన్నారు. ఆమె నా పెదాల వైపు చూస్తూ వింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను.

"నువ్వేం జేస్తవన్నా, నీగ్గూడ ఇనవడలేదు గద" అంది. చెవులు రుద్దుకుంటూ, "మరి నేను పాడొద్దా ఇగ?" అంది.

వద్దన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. అరకు సొరంగాలన్నీ దాటేదాకా మళ్లీ ఇటు తిరగలేదు.

మీకు చెప్పగలిగింది

షాపు మూసేశాను. వెండి రంగు జత కొనమని నేను చెప్పిన బృందాలకు ఫోన్లు చేశాను. ఒకాయన నవ్వి, "అదే బెస్టు సార్, మాకు బాగా అలవాటైపోయింది" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. అలవాటవుతుందని సమ్మక్కకు నేను చెప్పిన మాటే అది.

తక్కువలో మంచి ఇయర్ మానిటర్ ఏదని అడిగే ముందు మీ చెవులు పరీక్ష చేయించుకోండి. ఏడాదికోసారి చేయించుకోండి. పాడే మనిషి అరచెయ్యి చూపితే తగ్గించండి, మీకేం వినిపిస్తోందన్నది అక్కడ లెక్కలోకి రాదు. వేలెత్తితే పాట ఆపి ఎందుకని అడగండి. నాకు తెలిసిన విద్య ఇంతే. ఇది తెలియడానికి నాకు పట్టిన కాలంలో ఒక మనిషి గొంతు ఊరికే పోయింది. గొంతు ఇప్పటికీ బాగానే ఉంది, అదే నాకు ఎక్కువ బాధ.

నల్ల జత

ఊరికే ఉండలేక చివరికి ఒక పని చేశాను. దినేష్‌ను కూర్చోబెట్టి ఆ పది జతలనూ మళ్లీ పోల్చమన్నాను. ఈసారి మోతను ఫోన్లో శబ్దం కొలిచే మీటర్‌తో సమానం చేశాం, వినడం అతను విన్నాడు. నల్ల జత అన్నింటికన్నా మేలని మళ్లీ చెప్పాడు. చిన్న సైజు టిప్పులు తెప్పించాను. స్టేజి లేకపోయినా, డోళ్లు లేకపోయినా, ఇంట్లో తక్కువ మోతలో తన గొంతు తాను వింటూ పాడుకుంటుందేమో అని ఒక వెర్రి ఆశ. ఇద్దరం కలిసి పామేడు వెళ్లాం. పోల్చి చూపించడానికి వెండి రంగుది కూడా తీసుకెళ్లాను.

సమ్మక్క తునికాకు కట్టలు కడుతోంది. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని వచ్చింది. ఆమె పాత పాట ఒకటి నా ఫోన్లో ఉంది. మొదట నల్లది పెట్టాను. టిప్పు చక్కగా పట్టింది. ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు వింది, ముఖంలో ఏ మార్పూ రాలేదు. తర్వాత అదే మోతలో వెండి రంగుది పెట్టాను. పెట్టగానే ఆమె కళ్లు తెరిచింది, ముఖం వెలిగింది.

"గిది మంచిగున్నదన్నా! గీంట్లనే నా గొంతు ఇనవడ్తాంది. సాఫ్‌గ ఉన్నది. గిదే ఇయ్యి నాకు."

దినేష్ లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. నేను ఆ జతను ఆమె చెవుల్లోంచి తీసేశాను. ఎందుకు తీస్తున్నానో ఆమెకు అర్థం కాలేదు, ఇంకోసారి పెట్టమని చెయ్యి చాపింది. ఆ జత బాగుందనే మనుషులం ఆ ఇంట్లో ఇప్పుడు ఇద్దరం ఉన్నాం.